ఇరాన్ విప్లవంలో పెరిగిన పిల్లలు: మనం వింటున్నది ఏ వీధి పిల్లల కథ?

తుంగభద్ర_ఒడ్డు

షా (రాజు)ను గద్దె దించి మతపెద్దలను పాలకులను చేసిన ఇరాన్ విప్లవకాలంలో బాల్యం గడిపినవారి జ్ఞాపకాలను కొంతకాలంగా వరుసగా చదువుతున్నాను. చదివేకొద్దీ అసంతృప్తి పెరుగుతోంది. దాదాపు ప్రతి కథలోనూ ఇల్లు టెహ్రాన్ ఉత్తర భాగంలోనే ఉంటుంది. తండ్రి ఇంజినీరో వైద్యుడో అయి ఉంటాడు, పిల్లలు విదేశీ భాష నేర్పే బడికి వెళ్తుంటారు, ఇంట్లో పల్లె నుంచి వచ్చిన పనిమనిషి ఉంటుంది. 1979లో ఆ లోకం తలకిందులవుతుంది, ఆడపిల్ల నెత్తి మీదికి ముసుగు వస్తుంది, కొన్నాళ్లకు కుటుంబం దేశం విడిచిపోతుంది. ఆ బాధ నిజమైనదే కనుక దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే ఆ పనిమనిషికి కూడా పిల్లలు ఉండే ఉంటారు కదా! వారు ఎక్కడ పెరిగారు, ఏ బడిలో చదివారు, ఇరాక్‌తో యుద్ధం వచ్చినప్పుడు వారికి ఏమైంది అన్నది ఆ కథలు చెప్పవు. విప్లవ నాయకులు తమ ప్రసంగాలలో నిత్యం తలచుకున్నది ‘ముస్తజఫీన్’లను, అంటే అణగారినవారిని. వారి పిల్లల గురించి తెలిసినవారు వివరంగా రాయాలని కోరుతున్నాను.

మెట్టపొలం

దేశం దాటి వెళ్లగలిగినవారు, ఇంగ్లీషులోనో ఫ్రెంచిలోనో రాయగలిగినవారు తమ బాల్యాన్ని ప్రపంచానికి చెప్పుకోగలిగారు. ఇటుకబట్టీ పక్కన పెరిగిన పిల్ల తన కథ రాసుకున్నా అది ఫార్సీలోనే ఉండిపోతుంది, మన దాకా రాదు.

చరిత్ర_పుటలు

తుంగభద్ర గారి ప్రశ్నకు టెహ్రాన్ నైసర్గిక స్వరూపం నుంచి మొదలుపెట్టాలి, ఎందుకంటే ఆ నగరంలో ఎవరి అంతస్తు ఏమిటో వారు ఉండే నేల ఎత్తే చెబుతుంది. నగరం అల్బోర్జ్ పర్వతాల వాలు మీద ఉంది. ఉత్తరాన తజ్రీష్ కూడలి నుంచి దక్షిణాన రైల్వే స్టేషన్ దాకా సుమారు 18 కిలోమీటర్ల పొడవున ఒకే వీధి దిగివస్తుంది. షా కాలంలో అది పహ్లవీ వీధి, విప్లవం తరువాత కొద్దికాలం మొసద్దెక్ వీధి, ఆపైన వలీ అస్ర్ వీధి. వీధికి ఇరువైపులా చినార్ చెట్లు, వాటి వెంట ‘జూబ్’ అనే కాలువలు ఉంటాయి. పైన గాలి చల్లగా ఉంటుంది, తోటలున్న ఇళ్లుంటాయి. కొండ నీళ్లు ఆ కాలువల్లో పై పేటలను దాటి దక్షిణాదికి చేరేసరికి దారిలోని చెత్తనంతా మోసుకొస్తాయి. జవాదియే, నాజీఆబాద్, షూష్ వంటి దక్షిణ పేటల పిల్లలు ఆడుకున్నది ఆ కాలువల పక్కనే.

ఆ పేటలు అంతగా పెరగడానికి 1962లో మొదలైన భూసంస్కరణ ఒక ముఖ్య కారణం. 1963 జనవరిలో షా దాన్ని ‘శ్వేత విప్లవం’లో భాగంగా ప్రజాభిప్రాయ సేకరణకు పెట్టాడు. భూమి దక్కింది అప్పటికే సాగు హక్కు ఉన్న కౌలుదార్లకు మాత్రమే, ఏ హక్కూ లేని కూలీలకు ఏమీ రాలేదు. భూమి వచ్చినవారిలో కూడా చాలామందికి అది కుటుంబం గడవడానికి సరిపోలేదు. 1973 తరువాత చమురు ధర నాలుగింతలై టెహ్రాన్‌లో కట్టడాల పని విపరీతంగా పెరిగినప్పుడు వీరంతా నగరానికి వచ్చి పడ్డారు. అద్దెలు ఆకాశాన్నంటాయి. ఊరి అంచుల్లో రేకులతో, డబ్బాలతో కట్టుకున్న ఇళ్ల గుంపులకు ‘హలబీ ఆబాద్’ అని పేరు వచ్చింది. 1977లో పురపాలక అధికారులు నగర హద్దు దాటి కట్టుకున్న ఇళ్లను కూలగొట్టడానికి యంత్రాలను పంపితే జనం ఎదురు తిరిగారు. పోలీసులు తమ ఇంటి గోడ కూల్చడాన్ని కళ్లారా చూసిన పిల్లలకు రెండేళ్ల తరువాత వచ్చిన విప్లవం గురించి ఎవరూ ప్రత్యేకంగా వివరించవలసిన అవసరం లేకపోయింది.

గట్టుమీద_చెట్టు

మీరు చెప్పిన క్రమం చూస్తే పేదలే విప్లవాన్ని నడిపినట్టు అనిపిస్తుంది. నేను చదివినంతలో అది విద్యార్థులతో, బజారు వ్యాపారులతో, మతపెద్దలతో మొదలైంది. ఏది సరైనది?

చరిత్ర_పుటలు

మీరు చదివినది సరైనదే. 1977లో బహిరంగంగా నోరు విప్పింది రచయితలు, న్యాయవాదులు. 1978 జనవరిలో ఖోమ్ నగరంలో వీధుల్లోకి వచ్చింది మత విద్యార్థులు. వారి వెనుక బజారు ఉంది. బజారు వ్యాపారులు మతపెద్దలకు చెల్లించే ‘ఖుమ్స్’ అనే మత పన్ను ప్రభుత్వ ప్రమేయం లేకుండా మసీదులను, మదరసాలను పోషించేది. షాను నిజంగా కుంగదీసినది 1978 శరదృతువులో జరిగిన చమురు కార్మికుల సమ్మె. గుడిసెల్లో ఉన్న అత్యంత నిరుపేదలు ఆలస్యంగానే కలిశారు, ఎందుకంటే ఒకరోజు కూలి పోతే ఆ పూట పొయ్యి వెలగని ఇళ్లవి.

అయితే పిల్లల కోణంలో చూస్తే ఆ శీతాకాలం వేరు. చమురు సమ్మెతో కిరోసిన్ దొరకలేదు. పేటల్లో మసీదుల చుట్టూ ఏర్పడ్డ సంఘాలు ఇంటింటికీ కిరోసిన్, రొట్టె పంచాయి. పిల్లలు డబ్బాలు పట్టుకుని వరుసల్లో నిలబడ్డారు. రాత్రి కర్ఫ్యూ వేళ మేడల మీదికెక్కి పెద్దలతో పాటు ‘అల్లాహో అక్బర్’ అని కేకలు వేశారు. అన్నం పెట్టే చెయ్యి ప్రభుత్వానిది కాక మసీదుది కావడం ఒక తరం పిల్లల మనసులో నాటుకుంది.

పాతబస్తీ_పాఠకుడు

హైదరాబాదు పాతబస్తీలో షియా కుటుంబంలో పుట్టినవాణ్ణి గనుక ఈ విషయంలో నాకు తెలిసినది చెబుతాను. మా ఇళ్లలో ఒక మనిషి పోయిన నలభయ్యో రోజుకు చుట్టాలందరూ మళ్లీ కూడడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. 1978లో ఇరాన్‌లో ఉద్యమం సరిగ్గా ఆ లెక్కతోనే నడిచింది. జనవరి 9న ఖోమ్‌లో కాల్పులు జరిగాయి. నలభయ్యో రోజున, ఫిబ్రవరి 18న, తబ్రీజ్‌లో సంతాప సభ పెద్ద తిరుగుబాటుగా మారింది. అక్కడ చనిపోయినవారికి మళ్లీ నలభయ్యో రోజు వచ్చింది. ఏ పార్టీ కరపత్రం పంచకుండానే, చదువు రాని తల్లికి కూడా ఎప్పుడు బయటికి రావాలో తెలిసింది.

మొహర్రం ఊరేగింపుల్లో రొమ్ములు బాదుకునే ‘హెయత్’లు అనే భక్త సంఘాల గురించి కూడా చెప్పాలి. దక్షిణ టెహ్రాన్‌కు వలస వచ్చినవారు ఎక్కడివారు అక్కడ తమ ప్రాంతం పేరుతో ఒక్కో హెయత్ పెట్టుకున్నారు. కొత్త నగరంలో పిల్లవాడికి తమ యాస వినిపించేది, వేడి భోజనం దొరికేది, తండ్రికి పని చూపించే మనిషి కనిపించేది అక్కడే. వారి మతం గురించి మాట్లాడేవారు దాన్ని ముల్లాలు పై నుంచి రుద్దినదిగానే చూస్తే ఆ పిల్లల జీవితం అర్థం కాదు. మా బీబీ కా అలావా ఊరేగింపులో తండ్రి భుజం మీద కూర్చుని కర్బలా కథ విన్న పిల్లవాడిగా ఈ మాట అంటున్నాను.

నీలిమేఘం

పాతబస్తీ గారి మాటను గౌరవిస్తూనే అభ్యంతరం చెబుతున్నాను. ఆదరించే మతం, ఆజ్ఞాపించే మతం ఒకే దేశంలో ఒకే సమయంలో ఉన్నాయి. హెయత్‌లో అన్నం తిన్న పిల్లవాడే కొన్నేళ్ల తరువాత ‘కొమితే’ అనే విప్లవ కాపలా దళంలో నిలబడి, వీధిలో వెళ్తున్న ఆడపిల్ల జుట్టు కనబడుతోందని ఆపి నిలదీశాడు.

పాతబస్తీ_పాఠకుడు

అది నిజం. ఆ పిల్లవాడు నిలదీసిన అమ్మాయి చాలాసార్లు పై పేటల అమ్మాయి అయి ఉండడం కూడా గమనించండి. నిన్నటి దాకా తన తల్లి ఏ ఇంట్లో అంట్లు తోమిందో ఆ ఇంటి పిల్లను ఆపి ప్రశ్నించే అధికారం అతనికి ఒక్కసారిగా వచ్చింది. నేను దాన్ని సమర్థించడం లేదు. వర్గ ద్వేషం మతం దుస్తుల్లో వచ్చిన సందర్భాలు అవి.

కర్మాన్_జ్ఞాపకం

1970లలో ఇరాన్ ప్రభుత్వం భారతదేశం నుంచి చాలామంది వైద్యులను నియమించుకుంది. మా నాన్నగారు వారిలో ఒకరు. కెర్మాన్ ప్రాంతంలోని ఒక చిన్న పట్టణంలో నా ప్రాథమిక విద్య సాగింది. తుంగభద్ర గారు అడిగిన పిల్లలు నా తరగతిలో ఉన్నారు కనుక నాకు గుర్తున్నది రాస్తున్నాను.

మా పాఠ్యపుస్తకాల మొదటి పుటల్లో షా, రాణి ఫరా, యువరాజుల బొమ్మలుండేవి. మాకు చెప్పే పాఠాల్లోని ఇంట్లో బల్ల, కుర్చీలు ఉండేవి. నా పక్కన కూర్చునే అమ్మాయి ఇంట్లో నేల మీద పరచిన గుడ్డ చుట్టూ కూర్చుని తినేవారు, మా ఇంట్లోనూ కింద కూర్చునే తినేవాళ్లం కనుక మా ఇద్దరికీ స్నేహం త్వరగా కుదిరింది. ఆమె వీధిలో ఒళ్లంతా కప్పే చాదర్ కప్పుకుని వచ్చి, బడి గుమ్మంలో దాన్ని మడిచి సంచిలో పెట్టుకునేది. తహసీలు స్థాయి అధికారి కూతురు పొట్టి గౌనుతో కారులో దిగేది. ఒకే తరగతిలో ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం నేను చూడలేదు. చాదర్ అమ్మాయిని అయిదో తరగతి తరువాత చదివించబోమని వాళ్ల నాన్న మా నాన్నగారితో అన్నాడు. పై తరగతుల్లో మగ ఉపాధ్యాయులు ఉంటారన్నది ఆయన చెప్పిన కారణం. 1978 చివర్లో మేము తిరిగి వచ్చేశాము.

సీతాకోక_బడి

పై అనుభవం చదివాక ఒక ఉపాధ్యాయినిగా రాయకుండా ఉండలేకపోతున్నాను. 1936లో, విప్లవంలో గద్దె దిగిన షాకు తండ్రి అయిన రెజా షా ముసుగును నిషేధించినప్పుడు పోలీసులు వీధుల్లో ఆడవాళ్ల చాదర్లు లాగేశారు. ఆయన 1941లో గద్దె దిగేదాకా ఎంతోమంది స్త్రీలు అవమానానికి భయపడి ఇల్లు కదలలేదు, ఆడపిల్లల బడులు మానిపించిన ఇళ్లూ ఉన్నాయి. ఆధునికత పేరుతో జరిగిన ఆ బలవంతం భారం ఎక్కువగా సంప్రదాయ కుటుంబాల మీద, బీద కుటుంబాల మీద పడింది. ఆ జ్ఞాపకం ఆ ఇళ్లలో రెండు తరాల పాటు నిలిచింది.

విప్లవం తరువాత బడులను ఆడపిల్లలకు, మగపిల్లలకు వేరు చేశారు. ఆడపిల్లల బడుల్లో స్త్రీలే బోధించారు, తలకు ముసుగు తప్పనిసరి చేశారు. దానితో కర్మాన్ గారి స్నేహితురాలి తండ్రి వంటివారికి అభ్యంతరం చెప్పడానికి కారణం లేకుండా పోయింది. 1976 జనాభా లెక్కల్లో అక్షరాస్యులైన స్త్రీలు సుమారు 35 శాతం. నేడు అది 80 శాతం దాటింది. 1990ల చివరికి విశ్వవిద్యాలయాల్లో కొత్తగా చేరేవారిలో అమ్మాయిలు సగాన్ని మించిపోయారు. ఉత్తర టెహ్రాన్ జ్ఞాపకాలలో విద్య కుంచించుకుపోయిన కాలంగా కనిపించే దశకాలే పల్లె ఆడపిల్లకు బడి తలుపు తెరుచుకున్న కాలం.

నీలిమేఘం

ఈ వాదన తరచుగా వింటాను, ప్రతిసారీ దానిలో ఒక సగం దాచబడుతోందని అనిపిస్తుంది. 1967లో వచ్చిన కుటుంబ రక్షణ చట్టం, 1975లో దానికి చేసిన సవరణ వల్ల ఆడపిల్ల వివాహ వయస్సు 18 అయింది. భర్త నోటి మాటతో విడాకులిచ్చే పద్ధతి పోయి కోర్టుకు వెళ్లవలసి వచ్చింది. విప్లవం వచ్చిన కొత్తలోనే ఆ చట్టాన్ని పక్కన పెట్టేశారు. వివాహ వయస్సు చాంద్రమాన లెక్కలో తొమ్మిదేళ్లకు దిగింది. దాన్ని 13కు పెంచడానికి 2002 దాకా పట్టింది. తొమ్మిదేళ్లకూ పదమూడేళ్లకూ పెళ్లిళ్లు చేసింది ఎవరు సీతాకోక గారూ? ఉత్తర టెహ్రాన్ వైద్యులు తమ కూతుళ్లకు చేయలేదు. ఆ చట్టం కాటు వేసింది మీరు చెబుతున్న బీద పిల్లలనే. వర్గం గురించి మాట్లాడాలనుకుంటే ఇది కూడా మాట్లాడాలి.

షిరీన్ ఎబాదీ విప్లవానికి ముందు న్యాయమూర్తి. స్త్రీలు న్యాయమూర్తులుగా పనికిరారని ఆమెను ఆ పదవి నుంచి తొలగించి గుమస్తా స్థాయి పనికి దించారు. దేశపు మొదటి మహిళా విద్యామంత్రి ఫరోఖ్రూ పార్సాను 1980 మేలో ఉరి తీశారు. బడి తలుపు తెరుచుకుందంటున్నారు, మంచిదే. ఆ తలుపు దాటిన పిల్లకు ముందు ఏ ద్వారాలు మూసేశారో కూడా అంతే వివరంగా రాయండి.

సీతాకోక_బడి

మీరు చెప్పిన ఏ ఒక్క విషయాన్నీ నేను కాదనడం లేదు. 1979 మార్చి 8న ముసుగు ఆజ్ఞకు వ్యతిరేకంగా టెహ్రాన్ వీధుల్లోకి వచ్చిన వేలాది స్త్రీల పట్ల నాకు గౌరవం ఉంది. వారికి తోడుగా నిలబడవలసిన వామపక్ష సంఘాలు ఇది ధనిక స్త్రీల గొడవ అని చాలావరకు తప్పుకున్నాయి. 1983 నాటికి ముసుగు లేకపోతే కొరడా దెబ్బలు అనే శిక్ష చట్టంలోకి వచ్చింది, అప్పుడు పేద, ధనిక అన్న తేడా చూడలేదు. నేను అంటున్నది చదువుకున్న ఆ పల్లె పిల్లల గురించి. వారు చదివినది ప్రభుత్వం దయతో కాదు. తమ తల్లులు గడప దాటలేని చోట వారు దొరికిన ప్రతి సందునూ వాడుకుని ముందుకు వచ్చారు.

మెట్టపొలం

ఈ వాదోపవాదం చదువుతుంటే చాయ్ చల్లారిపోయింది. ఇద్దరూ ఆపకుండా రాయండి, మేము చదువుతూనే ఉంటాము.

గట్టుమీద_చెట్టు

చాయ్ అన్నారు కనుక అడుగుతున్నాను. మన హైదరాబాదు ఇరానీ హోటళ్ల వారు ఈ విప్లవం నుంచి తప్పించుకుని వచ్చినవారేనా?

పాతబస్తీ_పాఠకుడు

కాదు. వారిలో చాలామంది పూర్వీకులు అంతకు కొన్ని దశాబ్దాల ముందే యజ్ద్ చుట్టుపక్కల ఎండిన పల్లెల నుంచి, కరువును, పేదరికాన్ని తప్పించుకుని బొంబాయి మీదుగా వచ్చినవారు. 1979 తరువాత అమెరికా విమానం ఎక్కిన వర్గానికీ వీరికీ పోలిక లేదు.

పసిఫిక్_తీరం

లాస్ ఏంజెలెస్‌లో ఉంటున్నాను. ఇక్కడ స్థిరపడ్డ ఇరానీయులలో మొదట వచ్చినవారు ఎక్కువగా తుంగభద్ర గారు వర్ణించిన కుటుంబాలే. కానీ నాతో పనిచేసిన ఒక సహోద్యోగి దక్షిణ టెహ్రాన్‌లో పెరిగినవాడు. అతని మాటల్లో విన్నది మిగతావారి మాటలకు భిన్నంగా ఉండేది కనుక కొంత వివరంగా రాస్తాను.

1980 సెప్టెంబరు 22న ఇరాక్‌తో యుద్ధం మొదలైనప్పుడు అతను చిన్న తరగతిలో ఉన్నాడు. ఎనిమిదేళ్ల యుద్ధమంటే అతని బడి జీవితమంతా యుద్ధమే. పదమూడేళ్ల హుసేన్ ఫహ్మీదే ఖోరంషహర్‌లో బాంబులు కట్టుకుని శత్రు ట్యాంకు కిందికి వెళ్లి చనిపోయాడని పాఠ్యపుస్తకంలో చదివారు. ఆ పిల్లవాడే మన నాయకుడని విప్లవ నాయకుడు ఖొమైనీ అన్న మాట బడి గోడ మీద రాసి ఉండేది. బసీజ్ అనే స్వచ్ఛంద సేవకుల దళం వారు వచ్చి మాట్లాడినప్పుడు పెద్ద తరగతి కుర్రవాళ్లు పేర్లు ఇచ్చేవారు. అతని అన్న కూడా ఇచ్చాడు, తిరిగి రాలేదు. ఆ వీధికి ఆ అన్న పేరు పెట్టారు. బెహెష్తే జహ్రా శ్మశానంలో ఎర్రరంగు నీళ్లు చిమ్మే ఫౌంటెన్ పక్కన ప్రతి గురువారం తల్లులు కూర్చునేవారు. 

అతను కోపంగా చెప్పిన సంగతి ఒకటుంది. సైనిక సేవ వయస్సుకు దగ్గరపడ్డ అబ్బాయిలు దేశం దాటడానికి వీల్లేదన్న నిబంధన ఉండేది. డబ్బున్నవారు దానికి ముందే కొడుకులను యూరప్‌కు పంపేశారు, ఆలస్యమైతే దళారులకు సొమ్ము కట్టి కొండల మీదుగా టర్కీకి దాటించారు. 1988లో టెహ్రాన్ మీద క్షిపణులు పడుతున్నప్పుడు కార్లున్నవారు కాస్పియన్ తీరానికి వెళ్లిపోయారు. వీరి కుటుంబం మెట్ల కింద పడుకుంది.

చెరువుకట్ట_కబుర్లు

ఆ పిల్లల మెడల్లో స్వర్గానికి ప్లాస్టిక్ తాళంచెవులు కట్టి పంపారని ఎన్నోచోట్ల చదివాను. ఎవరూ ప్రస్తావించలేదేమి?

చరిత్ర_పుటలు

ఆ తాళంచెవుల కథ చాలా ప్రచారంలో ఉంది, కానీ దాని సాక్ష్యం మీద చరిత్రకారులలో ఏకాభిప్రాయం లేదు. కనుక దాని మీద ఆధారపడవలసిన అవసరం లేదు. పదహారు నిండని పిల్లలు స్వచ్ఛంద సేవకులుగా మందుపాతరల నేల మీద నడిచి చనిపోయారన్నది దానితో నిమిత్తం లేకుండానే రుజువైన విషయం.

పసిఫిక్_తీరం

కొనసాగిస్తున్నాను. అన్న చనిపోయాక ఆ ఇంటి స్థితి మారింది. అమరవీరుల కుటుంబాల కోసం 1980లో పెట్టిన షహీద్ ఫౌండేషన్ నుంచి నెలనెలా భత్యం, ఫ్రిజ్ వంటి వస్తువులు వచ్చాయి. ‘కోన్కూర్’ అనే విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షలో అమరవీరుల కుటుంబాలకు కేటాయింపు ఉంది. అక్క ఆ కేటాయింపులో సీటు తెచ్చుకుని ఇంజినీరు అయింది. ఇంటిలో మొదటి పట్టభద్రురాలు ఆమె. తోటి విద్యార్థులు ఆమెను ‘కోటా పిల్ల’ అని దూరంగా పెట్టారు. తల్లి మాత్రం ఆ పట్టా వంక చూసినప్పుడల్లా కొడుకును తలచుకుని ఏడ్చేది. విప్లవం మీ ఇంటికి మేలు చేసిందా కీడు చేసిందా అని ఎవరో అడిగితే అతను లేచి బయటికి వెళ్లిపోయాడు.

తుంగభద్ర_ఒడ్డు

పసిఫిక్ తీరం గారూ, ఇటువంటిది వినాలనే ఈ చర్చ మొదలుపెట్టాను. ఒక సందేహం. షా కుటుంబపు ఆస్తులను పేదల కోసం స్వాధీనం చేసుకున్నారని అంటారు. ఆ సొమ్ము ఈ పేటల పిల్లలకు చేరిందా?

మెట్టపొలం

షా కుటుంబానికి చెందిన పహ్లవీ ఫౌండేషన్ ఆస్తులను, పారిపోయిన ధనికుల కర్మాగారాలను, హోటళ్లను, భూములను ‘బొన్యాదే ముస్తజఫాన్’ అనే సంస్థకు అప్పగించారు. పేరు అణగారినవారిది, నిర్వహణ కొత్త పాలకులకు దగ్గరివారిది. దాని లెక్కలను చాలాకాలం పార్లమెంటు కూడా అడగలేకపోయింది. అందులోనుంచి ఒక కొత్త ధనిక వర్గం పుట్టింది. ఉత్తర టెహ్రాన్ ఇళ్లు ఖాళీగా లేవు, వాటిలో ఉండేవారు మారారు.

సీతాకోక_బడి

పల్లెల సంగతి వేరుగా చూడాలి. 1979 జూన్‌లో మొదలైన ‘జిహాదే సాజందెగీ’ కింద పట్టణ యువకులు పల్లెలకు వెళ్లి రోడ్లు, విద్యుత్తు, తాగునీరు తెచ్చారు. ఆ తరువాత ‘ఖానెయే బెహ్‌దాష్త్’ అనే పల్లె ఆరోగ్య గృహాలు విస్తరించాయి. వాటిలో పనిచేసే ‘బెహ్‌వర్జ్’ను సాధారణంగా ఆ ఊరి నుంచే ఎంపిక చేసి శిక్షణ ఇస్తారు. టీకాలు వేయడం, గర్భిణులను చూడడం, ఇంటింటి లెక్క రాసుకోవడం వారి పని. శిశు మరణాలు గణనీయంగా తగ్గడానికి ఇది పెద్ద కారణం. 1980ల మధ్యలో స్త్రీకి సగటున ఆరుగురు పిల్లలున్న దేశంలో 1989లో కుటుంబ నియంత్రణను తిరిగి మొదలుపెట్టాక రెండు దశాబ్దాలు తిరగకుండానే ఆ సంఖ్య రెండు దరిదాపులకు వచ్చింది. పల్లెల్లో ఆ మార్పు బెహ్‌వర్జ్‌ల చేతుల మీదుగా జరిగింది.

అరకు_పొద్దు

చర్చ అంతా వర్గం చుట్టూ తిరుగుతోంది కనుక ఒక ప్రశ్న లేవనెత్తుతాను. ఇరాన్‌లోనే పుట్టిన బహాయీ మతానికి చెందిన కుటుంబాల పిల్లల గురించి ఎవరూ మాట్లాడలేదు. ఆర్మేనియన్, అస్సీరియన్ క్రైస్తవులకు, యూదులకు, జరతుస్త్ర మతస్థులకు పార్లమెంటులో కలిపి అయిదు స్థానాలున్నాయి, వారి మతాలకు రాజ్యాంగంలో గుర్తింపు ఉంది. బహాయీలకు అదేమీ లేదు. తండ్రి ధనికుడా పేదవాడా అన్నదానితో నిమిత్తం లేకుండా ఆ పిల్లలకు విశ్వవిద్యాలయ ప్రవేశం నిరాకరించారు, తండ్రుల ఉద్యోగాలు పోయాయి, కొందరిని ఉరి తీశారు. 1987లో వారు ఇళ్ల గదుల్లో, వంటింట్లో తరగతులు పెట్టుకుని సొంత ఉన్నత విద్యాసంస్థను నడుపుకోవలసి వచ్చింది. ఆ గదిలో రసాయనశాస్త్రం నేర్చుకున్న పిల్లకు మీరు వాడుతున్న ఉత్తరం, దక్షిణం అనే కొలత ఎలా వర్తిస్తుంది?

చరిత్ర_పుటలు

వర్తించదు. అరకు పొద్దు గారు చెప్పిన చోట మతమే అసలు గీత. కుర్దులు, బలూచీలు, అరబ్బుల పిల్లలకు భాష మరో గీత. ఇంట్లో ఒక భాష మాట్లాడి, బడిలో ఫార్సీలో మాత్రమే చదవవలసిన పరిస్థితి షా కాలంలోనూ ఉంది, విప్లవం తరువాతా కొనసాగింది. 1981 జూన్ తరువాత కొత్త ప్రభుత్వం తన ప్రత్యర్థులను అణచివేయగా జైళ్లు నిండిన కాలాన్ని కూడా కలుపుకోవాలి. టెహ్రాన్‌లోని ఎవీన్ జైలులో ఉరితీసినవారిలో కరపత్రాలు పంచిన పద్దెనిమిదేళ్లు నిండని బడిపిల్లలున్నారు. వారిలో మేడల పిల్లలూ ఉన్నారు, షూష్ పేట పిల్లలూ ఉన్నారు.

ఉస్మానియా_పాతవిద్యార్థి

ఆ సంవత్సరాలలో మా హాస్టల్లో ఇరానీ విద్యార్థులుండేవారు. విప్లవానికి ముందు అందరూ కలిసి షాకు వ్యతిరేకంగా గోడపత్రికలు అంటించేవారు. 1981 నాటికి వారు రెండు ముఠాలుగా చీలి, ఒకే భోజనశాలలో వేర్వేరు మూలల్లో కూర్చునేవారు. ఒక మూలలోని వారికి ఇంటి నుంచి ఉత్తరాలు రావడం ఆగిపోయింది. వారి ముందు తమ్ముళ్ల ప్రస్తావన తేకూడదని మాకు తెలిసిపోయింది.

నీలిమేఘం

2022 సెప్టెంబరులో సక్కెజ్‌కు చెందిన కుర్దు యువతి మహ్సా అమీనీ, ముసుగు సరిగా వేసుకోలేదని పట్టుకున్న పోలీసుల నిర్బంధంలో మరణించాక బడిపిల్లలు ముసుగులు తీసి, తరగతి గోడల మీది నాయకుల చిత్రపటాలకు ఎదురు నిలబడ్డారు. 1979 నాటి స్త్రీల ఊరేగింపును ధనికుల గొడవ అని తప్పుకున్నట్టు ఈసారి ఎవరూ అనలేకపోయారు. చిన్న ఊళ్లు, కుర్దు పట్టణాలు, బలూచీల నగరం జాహెదాన్ అన్నీ కదిలాయి.

చెరువుకట్ట_కబుర్లు

2009లో అధ్యక్ష ఎన్నికల ఫలితంపై కూడా లక్షలమంది వీధుల్లోకి వచ్చారు కదా, అప్పుడు దక్షిణ పేటలు ఎందుకు నిశ్శబ్దంగా ఉన్నాయి?

చరిత్ర_పుటలు

పూర్తిగా నిశ్శబ్దంగా ఉన్నాయనలేము, కానీ 2009 ఉద్యమం బలమంతా చదువుకున్న మధ్యతరగతిలో ఉంది. ఓట్ల లెక్కింపు అన్న ప్రశ్న, కూలి దొరకని ఇంటికి అంత దగ్గరగా తగలలేదు. దక్షిణ పేటలు కదలవన్న అభిప్రాయం మాత్రం సరికాదు. 1992లో మష్హద్‌లో గుడిసెలు కూల్చబోయినప్పుడు జనం తిరగబడ్డారు. 1995 ఏప్రిల్‌లో టెహ్రాన్‌కు నైరుతి దిక్కున ఉన్న ఇస్లాంషహర్‌లో బస్సు ఛార్జీలు పెంచినందుకు వేలమంది రోడ్డెక్కితే కాల్పులు జరిగాయి. ఇస్లాంషహర్ అంటే 1970లలో నగరంలో అద్దె కట్టలేక వెళ్లినవారితో నిండిన ఊరు. 2019 నవంబరులో పెట్రోలు ధర రాత్రికి రాత్రి పెంచినప్పుడు కూడా మొదట మంటలు లేచింది ఇటువంటి అంచు పట్టణాల్లోనే. ఆ కొద్దిరోజుల్లో 300 మందికి పైగా మరణించినట్టు మానవ హక్కుల సంఘాలు పేర్లతో నమోదు చేశాయి, వారిలో పిల్లలూ ఉన్నారు. ఇంటర్నెట్‌ను దేశమంతటా ఆపేసినందువల్ల ఆ పట్టణాల నుంచి వచ్చిన వీడియోలు చాలా ఆలస్యంగా, చాలా తక్కువగా బయటికి వచ్చాయి.

పసిఫిక్_తీరం

నా సహోద్యోగి మేనల్లుడు, అంటే కోటా సీటు తెచ్చుకున్న అక్క కొడుకు, 2019లో అటువంటి పట్టణంలోనే ఉన్నాడు. అమరవీరుడి కుటుంబంలో మూడో తరం. అతను తన కళ్లతో చూసినది ఫార్సీలో రాస్తున్నాడని విన్నాను. అనుమతి దొరికితే ఇక్కడి సభ్యుల కోసం కొన్ని భాగాలను తెలుగులో సంక్షిప్తంగా పెడతాను. ఫార్సీ చదవగలిగినవారు ఎవరైనా ఉంటే దయచేసి తెలియజేయండి, నేను ఒక్కణ్ణే ఆ పని చేయలేను.

పాతబస్తీ_పాఠకుడు

నేను ఫార్సీ చదువుతాను. పంపించండి.